ఒకటి, మూడు, నాలుగు, రెండు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారి 1982 మోడల్ ప్రీమియర్ పద్మిని పదకొండేళ్లుగా షెడ్డులో కదలకుండా ఉంది. అన్నయ్యేమో పాత ఇనుముకి వేసేద్దామంటున్నాడు. నాన్నగారు అవుననరు, కాదనరు, రోజూ పొద్దున్నే వెళ్లి ఓసారి డోరు తీసి, వేసి వస్తారు. 'దారిలో ఆగిపోయే ఆ కార్లంటే మీ తరానికి అంత ఇది ఎందుకు? అసలది మళ్లీ స్టార్టవుతుందా?' అని అడిగారు.

రెండో ప్రశ్నకి జవాబు తేలిక, చివర్లో చెప్తాను. మొదటిదే కష్టం. నేను నా మొదటి కారు దాచుకోలేదు, అమ్మేశాను. అదీ పద్మినే, 1979 మోడల్. 1986 నుంచి 1998 దాకా పన్నెండేళ్లు నడిపాను. దాని సగం రిపేర్లు నా చేతుల మీద జరిగాయి, ఆ రిపేర్లలో సగం నా చేతుల వల్లే అవసరమయ్యాయి.

ముందొక అబద్ధం తీసేద్దాం. మా తరం వాళ్లం 'ఆ రోజుల్లో ఏరి కోరి ఫియట్ కొన్నాం' అంటాం. ఏరడానికి ఏముందమ్మా? అంబాసిడర్, ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్ బళ్లు, అంతే. కొత్తది కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి వరసలో కూర్చోవాలి. మారుతి 800 వచ్చింది 1983 డిసెంబరులో. అది మా ఊళ్లకి చేరి, దాని స్పేర్లు దొరికి, దాని మీద చెయ్యి వేసే మెకానిక్కులు తయారయ్యేసరికి ఇంకొన్నేళ్లు పట్టింది. పద్మిని అంటే ఏమిటి? బొంబాయి కుర్లాలో తయారయ్యే పాత ఫియట్ 1100. 1974లో పేరు మారింది గాని జనం నోట్లో మారలేదు. ఆర్.సి. బుక్కులో పద్మిని, వీధిలో ఫియట్. 1089 సి.సి. ఇంజను, నలభై గుర్రాల బలం, స్టీరింగ్ కింద హ్యాండ్ గేరు, ముందు ఒకే పొడుగాటి సీటు. నేను కొన్నది దొరికింది కాబట్టి. ఇష్టం తర్వాత పుట్టింది. పెద్దలు కుదిర్చిన పెళ్లిలాంటిదే అనుకోండి.

అప్పుడు తెనాలిలో బ్యాంకు ఉద్యోగం. లోను శాంక్షనయింది. మద్రాసులో ఒక డాక్టరుగారు తన బండి అమ్ముతున్నారని తెలిసి, మా ఊరి మేస్త్రిగారిని వెంటబెట్టుకుని రైలెక్కాను. (మెకానిక్ అనడం మాకు అలవాటు లేదు. అందరికీ ఆయన మేస్త్రిగారే.) ఆయన బండి చూసిన తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. బానెట్ ఎత్తలేదు. ముందు బండి చుట్టూ తిరుగుతూ, సంతలో కుండ కొనేవాడిలా వేలి కణుపులతో డోర్లనీ మడ్‌గార్డుల్నీ కొట్టి విన్నాడు. రేకు ఖంగుమంటే సరుకు, మొద్దుగా మోగితే లోపల లంబి, అంటే సొట్టలు కప్పే పుట్టీ, కూరారన్నమాట. తర్వాత మ్యాట్ ఎత్తి ఫ్లోరు మీద బొటనవేలితో అదిమాడు. "సముద్రం గాలి తిన్న బండి సార్, పైన పౌడరు రాస్తారు, పాదాలు చూడాలి" అన్నాడు. ఇంజను స్టార్ట్ చేయించి సైలెన్సరు దగ్గర అరచెయ్యి పెట్టి వాసన చూసుకున్నాడు. నీలం పొగ లేదు, అంటే పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు ఇంకా బాగున్నాయి, ఇంజను అరిగి బోరు కొట్టించే దాకా రాలేదు. అన్నీ అయ్యాక బానెట్ తీశాడు. డాక్టరుగారు నలభై మూడు వేలన్నారు, నలభై ఒకటికి ఇచ్చారు. ఇస్తూ స్టీరింగ్ మీద ఒకసారి చెయ్యేసి లోపలికెళ్లిపోయారు, మళ్లీ బయటికి రాలేదు. అప్పుడు నాకది అర్థం కాలేదు.

మే నెల, మిట్టమధ్యాహ్నం. గూడూరు దాటాం, నెల్లూరు దాటాం. ఇప్పటి నాలుగు లైన్ల హైవే కాదు, ఎదురుగా లారీ వస్తే ఇద్దరూ చెరో చక్రం మట్టిలోకి దించుకోవాల్సిన పాత అయిదో నంబరు రోడ్డు. కావలి దాటాక బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. నా గుండె కూడా. నలభై ఒక్క వేలు, నలభై డిగ్రీల పైన ఎండ. మేస్త్రిగారు మాత్రం నింపాదిగా దిగి, భుజం మీద తుండు తీసి, తాటిచెట్టు కింద ముంజలమ్మే ఆయన దగ్గరికెళ్లి కుండలో నీళ్లు అడిగి తడిపి తెచ్చి, ఇంజను పక్కనున్న పెట్రోలు పంపుకి చుట్టాడు. "ఎండకి పెట్రోలు లోపలే ఆవిరైపోద్ది సార్. పంపు లాగుద్ది గాని వచ్చేది గాలి. దానికి తడిగుడ్డ, మనకి ముంజలు" అని గట్టు మీద కూర్చున్నాడు. పావుగంటలో నాలుగు ముంజలు నాకూ, ఎనిమిది ఆయనకీ అయ్యాయి. తుండు తీసి సెల్ఫ్ కొడితే మొదటి దెబ్బకే లేచింది. ఆ రోజు నుంచి పన్నెండేళ్లూ నా డిక్కీలో ఒక పాత తుండు, ఒక నీళ్ల క్యాను ఉండేవి. మీ నాన్నగారి డిక్కీలో కూడా చూడండి, గుడ్డ ఒకటి దొరుకుతుంది.

అర్ధరాత్రి తెనాలి చేరితే వీధి వీధంతా మేలుకునుంది. మర్నాడు వైకుంఠపురం గుడి ముందు పూజ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ముందుకి పోనివ్వబోయి రివర్స్ వేశాను. కాయలు నలిగాయి, అదృష్టానికి దిక్కుతో పని లేదన్నారు పూజారిగారు.

ఇక నేర్చుకోవడం. నాలుగు ప్లగ్గుల వైర్లు తీసి శుభ్రం చేద్దామని ఓ ఆదివారం అన్నీ ఒకేసారి పీకేశాను. పెట్టేటప్పుడు బుర్ర వాడి వరసగా పెట్టాను, ఒకటి, రెండు, మూడు, నాలుగు. సెల్ఫ్ కొడితే కార్బురేటరు తుమ్మింది, సైలెన్సరు ఢామ్మంది, వీధి కుక్కలు ఊరి బయటికి పోయాయి. మేస్త్రిగారు వచ్చి నవ్వి, నవ్వి, నేల మీద బొగ్గుతో రాశారు. ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇంజను నిప్పంటించుకునే క్రమం అది. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు తిరిగే వరసలో ఆ అంకెల ప్రకారమే వైర్లు ఉండాలి. ఒకటి, నాలుగు పిస్టన్లు ఒక జతగా, రెండు, మూడు ఇంకో జతగా పైకీ కిందికీ ఆడతాయి కాబట్టి వరస అంకెల్లో పేలడం కుదరదు. మా పెద్దమ్మాయి అప్పుడు ఎల్‌కేజీ. నేను గొణుక్కుంటుంటే విని బట్టీ పట్టేసింది. బళ్లో టీచరు 'ఒకటి తర్వాత ఎంత?' అంటే 'మూడు' అందట. ఎందుకంటే, 'మా కారుకి అంతే' అందట. ఆ పిల్ల పెద్దయి ఇంజనీరు అయ్యుంటుందనుకుంటున్నారేమో. బట్టల దుకాణం నడుపుతోంది.

ఆ బండిని కంటితో కంటే చెవితో ఎక్కువ నడిపేవాళ్లం. బాగున్న ఇంజను కుట్టుమిషనులా సన్నగా టకటకలాడుతుంది. ఆ టకటక గట్టిపడితే వాల్వుల్ని కదిపే ట్యాపెట్లు వదులయ్యాయని. ఎత్తు మీద పెద్ద గేరులో బలవంతంగా తొక్కితే మూకుట్లో శనగలు వేగినట్టు చప్పుడొస్తుంది, వెంటనే కింది గేరుకి రావాలి. నడక కుంటుతుంటే ఒక సిలిండరు పనిచెయ్యట్లేదు. ఏదో తెలియాలంటే ఇంజను ఆడుతుండగా పొడిగుడ్డతో ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూడాలి. తీయగానే శబ్దం మారితే ఆ సిలిండరు మంచిదే, తీసినా మారకపోతే దొంగ అదే. నా మూడో దొంగని పట్టుకునేసరికి మేస్త్రిగారు నా భుజం తట్టారు. బ్యాంకులో ప్రమోషనొచ్చినా నేనంత పొంగిపోలేదు. వానాకాలం రైలు వంతెన కింద నీళ్లలోంచి పోతే డిస్ట్రిబ్యూటరు మూత చెమ్మగిల్లి బండి ఆగేది. మూత విప్పి లోపల పొడిగుడ్డతో తుడిస్తే చాలు. వానలో పొడిగుడ్డ ఎక్కడిదంటారా? మా ఆవిడ కొంగు.

మా ఆవిడ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఆవిడ ఆ కారుని ఎన్నడూ ప్రేమించలేదు, ఇప్పుడడిగినా అదే చెప్తుంది. నడపడం మాత్రం నాకంటే బాగా నడిపేది. కాలవ గట్టు మీద నేర్చుకుంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పొలం, తప్పు చేసే వీల్లేని బడి. హ్యాండ్ గేరుతో నేను రోజూ కుస్తీ పట్టేవాణ్ని, ఆవిడ చేతిలో ఒక్కసారి కూడా కిర్రుమనలేదు. "పప్పుగుత్తి పట్టుకున్నట్టు పట్టుకోవాలండీ, పీక పట్టుకున్నట్టు కాదు" అనేది. మరి ఎందుకు ప్రేమించలేదు? దానికి నా దగ్గర లెక్క ఉంది.

బ్యాంకు బుద్ధి కదా, కారు కొన్న రోజునుంచీ ఒక నోటు పుస్తకం పెట్టాను. తారీఖు, మీటరు, పెట్రోలు ఎన్ని లీటర్లు, ఎందుకు వెళ్లాం. పెట్రోలు అప్పుడు లీటరు పది రూపాయల లోపే, అయినా మాకది బంగారమే. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. మీ ప్రశ్న చూశాక తీసి 1988వ సంవత్సరం పేజీల్లో అంకెలన్నీ కూడి చూశాను. ఏడాదిలో 6,240 కిలోమీటర్లు తిరిగాం. అందులో మా నలుగురి కోసం తిరిగినవి 1,100 చిల్లర. మిగతావన్నీ 'ఎందుకు' గడిలో చూడాలి. 'పక్కింటి పిన్నిగారి కంటి ఆపరేషను, గుంటూరు.' 'మేనేజరుగారి అబ్బాయి పెళ్లిచూపులు, రేపల్లె.' 'ఎదురింటివాళ్ల అల్లుణ్ని స్టేషనుకి, రాత్రి 2.' 'పెళ్లి, పెళ్లి, పెళ్లి.' ఒక మాఘమాసంలో తొమ్మిది పెళ్లిళ్లు. ఊరేగింపంటే మొదటి గేరులో నడక కంటే నెమ్మదిగా గంటన్నర. రేడియేటరు ఉడికిపోతుంటే పెళ్లికొడుకు కాళ్ల దగ్గర నీళ్ల బిందె పెట్టుకుని వెళ్లిన రోజులున్నాయి. ఉగాది దాటినా గాలి వచ్చే కన్నాల్లోంచి ఎండిన మల్లెలు ఎగిరి మొహాన పడేవి. ఒకటి రెండుసార్లు నేను లేకుండానే బండి వెళ్లింది, తాళంచెవి ఎక్కడుంటుందో వీధికంతా తెలుసు మరి. "ఇది మన కారు కాదండీ, మనింట్లో మేత మేసే ఊరి ఎద్దు" అనేది మా ఆవిడ. ఆ మాట అక్షరాలా నిజం. పెట్రోలు పోయించినవాళ్లు ఉన్నారు, పోయించనివాళ్లూ ఉన్నారు. పుస్తకంలో రెండూ రాశాను. ఇప్పుడు చదువుతుంటే పోయించనివాళ్ల పేర్లు చూసి కూడా నవ్వే వస్తోంది. నోరు తెరిచి అడగలేక వాళ్లెంత నలిగారో ఇప్పుడు తెలుస్తోంది.

1990 మే తుఫాను గురించి చెప్పి ముందుకెళ్తాను. కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లెవరూ మరిచిపోరు. మా వీధిలో స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. వేపకొమ్మ ఒకటి విరిగి బండి పైకప్పు మీద పడింది. సొట్ట పడింది గాని అద్దం పగల్లేదు. కిరసనాయిలుకి కటకట. సాయంత్రం పూట ఆడవాళ్లంతా వీధిలోనే రాళ్ల పొయ్యిల మీద వంట. చీకటి పడితే బియ్యంలో రాయి కనపడదు. బండిని వీధి మొదట్లోకి తెచ్చి వంటలవైపు తిప్పి హెడ్‌లైట్లు వేశాను. అరగంట మాత్రమే అని షరతు. ఆ అరగంటలో బియ్యం ఏరడం, కూర తరగడం, పిల్లల కాళ్లలో ముళ్లు తీయడం అన్నీ అయిపోవాలి. 'లైటు పోతోంది, లైటు పోతోంది' అని కేకలు. మూడో రోజుకి బ్యాటరీ నీరసపడి సెల్ఫ్ తిరగలేదు. పొద్దున్నే వీధి మొత్తం వచ్చి తోసింది. తోసేవాళ్లలో ముందు రోజు అన్నం తిన్నవాళ్లందరూ ఉన్నారు. రెండో గేరులో పెట్టి క్లచ్ వదిలితే అంగడి దాకా వెళ్లాక అందుకుంది. ఆ సొట్ట తర్వాత టింకరింగ్ షెడ్డులో తీయించాను. తీయించకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

1998లో అమ్మేశాను. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, బదిలీలు ఎక్కువయ్యాయి, ఫ్లోరు తుప్పు రెండుసార్లు వెల్డింగ్ చేయించినా ఆగలేదు. బాపట్ల వైపు నుంచి డ్రైవింగ్ నేర్పే ఆయనొకరు వచ్చి పద్దెనిమిది వేలకి తీసుకెళ్లాడు. తాళం ఇచ్చేటప్పుడు నా చెయ్యి కూడా స్టీరింగ్ మీదికే వెళ్లింది. మద్రాసు డాక్టరుగారు ఎందుకు మళ్లీ బయటికి రాలేదో పన్నెండేళ్ల తర్వాత బోధపడింది.

మారుతి కొన్నాం. తాళం తిప్పితే స్టార్టవుతుంది, ఆపితే ఆగుతుంది, వంక పెట్టడానికి లేదు. ఆరు నెలలు హాయిగా తిరిగాం. ఓ రోజు బజార్లో మేస్త్రిగారు ఎదురుపడి "ఏం సార్, కనపడ్డం మానేశారు, కోపమా?" అన్నారు. నాకు జవాబు తోచలేదు. కోపమేం లేదు, ఆయనతో పని లేదు, అంతే. ఆ మాట మొహం మీద ఎలా అంటాం? షెడ్డులో టీ తాగి వచ్చాను. తర్వాత కూడా పని లేకుండానే అప్పుడప్పుడు వెళ్లేవాణ్ని, కానీ పని లేని రాక ఇద్దరికీ తెలిసిపోతుంది. వీధి సంగతీ అంతే. నాలుగైదేళ్లలో ఇంటికో కారొచ్చింది, అర్ధరాత్రి మా తలుపు కొట్టేవాళ్లు లేరు. మా ఆవిడ కోరుకున్నట్టు కారు పూర్తిగా మాదయింది. ఆవిడే ఒక మాఘమాసంలో "ఈసారి ఒక్క పెళ్లికీ అడగలేదేమండీ" అంది.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఇంతే. మీ నాన్నగారు డోరు తీసి వేసేది రేకు కోసం కాకపోవచ్చు. ఆయన్నే అడగండి, కానీ 'ఎందుకు ఉంచారు' అని కాదు, 'ఎవరెవరు ఎక్కారు' అని అడగండి.

ఇక రెండోది. స్టార్టవుతుంది. ఇంజను పట్టేసి ఉండకపోతే చాలు. తొందరపడి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ మాత్రం కొట్టకండి, అందరూ చేసే తప్పు అదే. ముందు బండి న్యూట్రల్‌లో పెట్టి, నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో చెంచాడు ఇంజనాయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. వైర్లకి అంకెల చీటీలు కట్టుకోండి, నా పాట్లు మీకు వద్దు. తర్వాత ముందువైపు పుల్లీ నట్టుకి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పితే తిరగాలి. తిరిగితే సగం పని అయిపోయినట్టే. తిరగకపోతే బలవంతం చెయ్యకుండా ఇంకో రెండు రోజులు నాననివ్వండి.

పాత పెట్రోలు మొత్తం దించెయ్యండి, ఈపాటికి వార్నిష్ వాసన కొడుతూ ఉంటుంది. ట్యాంకు, కార్బురేటరు కడిగించాలి. రబ్బరు పైపులన్నీ, పంపులోని డయాఫ్రమ్ కూడా మార్చాలి. వయసు వల్ల ఎలాగూ చీలి ఉంటాయి, పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ కలిపి ఉంటుంది, ఆ కాలపు రబ్బరు దానికి ఆగదు. ఎలుకలు వైరింగు కొరికాయేమో చూడండి, లేకపోతే నిప్పుతో చెలగాటం. డిస్ట్రిబ్యూటరు లోపలి పాయింట్లని సన్న ఎమరీ కాగితంతో రుద్దాలి. కొత్త ఇంజనాయిలు, కొత్త ఫ్యాను బెల్టు, కొత్త రేడియేటరు పైపులు.

బ్రేకుల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ఆ కార్లకి నాలుగు వైపులా డ్రమ్ములే. ఇన్నేళ్లు ఆగితే చక్రాల్లోని సిలిండర్ల రబ్బర్లు బిగుసుకుపోతాయి. మాస్టర్ సిలిండర్ కిట్, నాలుగు చక్రాల కిట్లు వేయించాకే బండిని షెడ్డు దాటించండి. టైర్లకి గాట్లు లేకపోయినా పదకొండేళ్ల రబ్బరు నమ్మకండి. విజయవాడ ఆటోనగర్‌లో తిరిగితే పాత స్పేర్లు ఇంకా కొన్ని దొరుకుతాయి. ఆర్.సి. కాలం తీరి ఉంటుంది, ఆర్టీవో ఆఫీసులో ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేసుకోవాలి. యాభై ఏళ్లు నిండితే వింటేజ్ కింద వేరే నమోదు ఉంది గాని మీ బండికి ఇంకా ఆ వయసు రాలేదు. ముంబయిలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది, కాబట్టి తెలిసిన చేతులు కూడా తగ్గుతున్నాయి. మీ ఊళ్లో డెబ్బై దాటిన మేస్త్రి ఎవరైనా ఉంటే ముందు ఆయన్ని వెతకండి. రోజు కూలికి కాదు, టీకి పిలిచినట్టు పిలవండి.

అన్నీ అయ్యాక ఒక పొద్దున నాన్నగారిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టండి. మీరు బానెట్ దగ్గర తడిగుడ్డ పట్టుకుని నిలబడండి. చోక్ ఎంత లాగాలో ఆయనకి చెప్పకండి.